పైరైతు వంకను పూడ్చేస్తే కిందిరైతుకు దారేది?

ప్రశ్న: మదనపల్లె వైపు రెండు కొండల నడుమ మాకు మూడెకరాల పట్టా ఉంది. కొండ నుంచి దిగే వంక పైరైతు చేనులోంచి, ఆ తర్వాత మా చేని పక్కగా పారి చెరువులో కలుస్తుంది. పన్నెండడుగుల వెడల్పు, మూడడుగుల లోతు ఉండేది. ఆయన దాన్ని పూడ్చి చదును చేసి రెండడుగుల పైపు ఒకటి వేశాడు. మొన్నటి వానకు నీళ్లన్నీ మా టమోటా తోట మీద పడ్డాయి. ‘ఏడాదికి పది రోజులు పారేదీ ఒక వంకేనా? నా పట్టా, నా ఇష్టం’ అంటున్నాడు.

జవాబు: ఆ వాదన చెల్లదు. పక్కపక్క భూముల హక్కులు చెప్పే 1882 ఈజ్‌మెంట్స్ చట్టం సెక్షన్ 7 ప్రకారం, తెలిసిన దారిలో సహజంగా పారేది ఏడాదంతా పారినా, వానలకే పారినా వంకే. నీళ్ల పరిమాణం, దిశ, వడి చెప్పుకోదగ్గంతగా మార్చే హక్కు పైరైతుకు లేదు. పశువులకు పట్టుకోవచ్చు, మీకు నష్టం రాకుండా మడి తడుపుకోవచ్చు.

అయితే అదే సెక్షన్‌లో మీకు ఎదురు తిరిగే ముక్క ఒకటుంది. గట్లంటూ లేకుండా నేల మీద పరుచుకుని పల్లానికి జారే వాననీళ్లను కిందిరైతు రానివ్వాల్సిందే. ‘అక్కడ వంకే లేదు, ఉత్త పల్లం’ అని అవతలి వకీలు అనేది ఇందుకే. కాబట్టి గట్లున్న వంక ఉండేదని రుజువు చేయడమే మీ కేసు.

ముందు ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం), ఆర్‌ఎస్‌ఆర్ (సర్వే నంబర్ల వారీ పాత భూమి రిజిస్టరు) నకళ్లు తీయించండి. వంకకు విడి సర్వే నంబరుండి ‘వంక పోరంబోకు’ (అంటే ప్రభుత్వ భూమి) అని రాసి ఉంటే 1905 భూ ఆక్రమణల చట్టం కింద తహసీల్దారే నోటీసిచ్చి తీయించవచ్చు. చిన్న వంకలు చాలావరకు పట్టాలోనే కలిసి, పటంలో గీతగా మాత్రమే కనిపిస్తాయి. అప్పుడు ఎఫ్-లైన్ పిటిషన్ (సర్వేయరుతో హద్దులు కొలిపించమనే అర్జీ) పెట్టి కొలిపించండి. పాత పటాల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి, లింకంటే దాదాపు 20 సెంటీమీటర్లు. పూడ్చిన చోటికి పైనా కిందా గట్లు, ఇసుక, గులకరాళ్లు ఇంకా ఉంటాయి. దున్నకముందే ఫోటోలు తీయండి. కంచెకు చిక్కుకున్న చెత్త ఎంత ఎత్తున ఉందో టేపు పెట్టి మరీ తీయండి. ఆ రోజు మండల వర్షపాతం లెక్క సమాచార హక్కు కింద అడగండి.

పైపు సంగతి కోర్టుకు లెక్కతో చెప్పాలి. వంక నీళ్లు పోయే నిలువుకోత 36 చదరపు అడుగులు, పైపు నోరు మూడు చదరపు అడుగులకు కాస్త ఎక్కువ. కొమ్మా రెమ్మా అడ్డం పడితే అదీ ఉండదు.

సివిల్ కోర్టులో మాండేటరీ ఇంజంక్షన్ (పూడ్చింది తీసి వంకను మునుపటిలా చేయమనే ఉత్తర్వు), నష్టపరిహారం రెండూ ఒకే దావాలో అడగండి. దావాతోపాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వకేట్ కమిషనర్ (చేను చూసి రిపోర్టివ్వడానికి కోర్టు పంపే వకీలు) కోసం పిటిషన్ వేయండి. ఆలస్యమైతే గుర్తులు చెరిగిపోతాయి. ప్రభుత్వాన్ని పార్టీ చేస్తే అదే కోడ్ సెక్షన్ 80 కింద ముందుగా నోటీసిచ్చి రెండు నెలలు ఆగాలి, అత్యవసరమైతే కోర్టు అనుమతితో ఆగకుండా వేయవచ్చు. మీ అంతట మీరు జేసీబీ తెచ్చి తవ్వారో, ముద్దాయి మీరే అవుతారు.

ఆయనకు కావాల్సింది ట్రాక్టరు దారే అయితే పైపు వద్దు, వంక అడుగు మట్టానికే రాళ్లు పరిచి దాటు కట్టుకోమనండి; వరద దాని మీదుగా పోతుంది. ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో రాయించుకోండి. అది డిక్రీతో (కోర్టు తీర్పుతో) సమానం, అప్పీలుకు వీలుండదు.