టెర్మినల్‌లో కలిసే సాకెట్ బ్రౌజర్‌లో కలవకపోతే

గుంటూరు మిర్చి యార్డు ధరలు తెచ్చే మీ పెర్ల్ స్క్రిప్టు టెర్మినల్‌లో నడుస్తోంది, బ్రౌజర్‌లో మాత్రం సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్ తెరిచే చోటు) దగ్గర 'పర్మిషన్ డినైడ్' అంటోంది అన్నారు కదండీ. కోడ్ జోలికి వెళ్లకండి. అవతల పోర్టులో ఎవరూ వినకపోతే 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' వచ్చేది. ఫైర్‌వాల్ ప్యాకెట్లు మింగేస్తుంటే టైమౌట్ అయ్యేది. మీది సెంటోస్ అనే లినక్స్ కాబట్టి నా అనుమానం అందులోని భద్రతా కాపలా ఎస్‌ఈలినక్స్ మీదే. బ్రౌజర్ నుంచి పిలిస్తే మీ స్క్రిప్టును నడిపేది అపాచీ వెబ్ సర్వర్; అపాచీ తనంతట తాను బయటికి కనెక్షన్ తెరవడాన్ని ఎస్‌ఈలినక్స్ మామూలుగా ఒప్పుకోదు. అది అడ్డుకున్నవి నమోదయ్యే ఆడిట్ లాగ్‌లో 'డినైడ్' పక్కన 'నేమ్_కనెక్ట్' కనిపిస్తే ఇక సందేహమే లేదు. సెట్‌సీబూల్ కమాండుతో 'హెచ్‌టీటీపీడీ_క్యాన్_నెట్‌వర్క్_కనెక్ట్' అనే స్విచ్‌ను 1 (ఆన్) చేయండి. పెద్ద 'పి' ఆప్షన్ ఇవ్వకపోతే రీబూట్‌తో మళ్లీ మొదటికొస్తుంది. ఎస్‌ఈలినక్స్‌నే ఆపేయమనేవాళ్లుంటారు, ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? అప్పటికీ కలవకపోతే, స్క్రిప్టును ఆపేసే 'డై' లైన్‌లో 'డాలర్ ఎట్' ($@, పెర్ల్ ఎర్రర్ సందేశం ఉండే చోటు) విలువ ప్రింట్ చేసి ఇక్కడ పెట్టండి, చూద్దాం.