సమాధానం: అపెండిక్స్ లాప్రోస్కోపీ అయినంక బాబుకు భుజం నొప్పి

నాలుగేండ్ల బాబు నిన్నటి నుంచి పొట్ట కన్నా భుజమే నొస్తుందని ఏడుస్తున్నడంటే అన్నా, అది చాలావరకు గ్యాసే, ఆపరేషన్ల ఏదో తప్పు జరిగిందని భయపడకు. లాప్రోస్కోపీ అంటే చిన్న రంధ్రాలతోని చేసే ఆపరేషన్, అప్పుడు పొట్టల జాగ కోసం కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ ఎక్కిస్తరు, మిగిలింది డయాఫ్రంకు (ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొర) తగులుతది, దాని నరం మెడ నుంచే వస్తది కాబట్టి నొప్పి భుజంల తెలుస్తది, రెండు మూడు రోజులల్ల పోతది.

నొప్పికి ఇచ్చే పారాసిటమాల్ డోసు కాడనే మంది మిస్సయితరు.

1. సీసా మీద చూడు, 5 ఎంఎల్‌కు 120 ఎంజీ ఉందా 250 ఎంజీ ఉందా. రెండూ ఒకటే తీరు కనవడ్తయి, మెడికల్ షాపోళ్లు ఏది ఉంటే అది ఇస్తరు.
2. ఒక్కసారికి, బరువు కిలోకు 15 ఎంజీ. బాబు 14 కిలోలైతే 210 ఎంజీ, అంటే 250 సిరప్ 4 ఎంఎల్‌కు కొంచెం ఎక్కువ, 120ది అయితే పావు తక్కువ 9 ఎంఎల్. డిశ్చార్జి కాగితంల వేరే రాస్తే గదే ఫాలో అవ్వు.
3. ఏడ్చేదాంక ఆగకు, మొదటి రెండు రోజులు ఆరు గంటలకోసారి టైంకు పొయ్యి. రోజుకు నాలుగుసార్లు దాటొద్దు.
4. బాబును మెల్లగ నడిపియ్యి.

ఆకుపచ్చగ వాంతి, పొట్ట ఉబ్బి గట్టిపడుడు, జ్వరం, కుట్ల కాడ చీము, ఊపిరి కష్టం – వీటిల ఏ ఒక్కటున్నా వెంటనే ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు ఫోన్ కొట్టు, దొరకకుంటే నల్గొండ పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి, రాత్రయినా సరే.