బేరసారాల పాఠం చెప్పే ప్రొఫెసర్ బేరంలోకే దిగితే

ప్రశ్న: స్పెయిన్ నుంచి విడిపోవాలన్న కాటలోనియా ప్రాంతం గొడవ అనగానే అందరూ అప్పటి అక్కడి అధ్యక్షుడు పుచ్‌డెమోన్ పేరే చెప్తారు. ఆయనతో పాటు స్పెయిన్ వదిలి వెళ్ళినవాళ్ళలో ఒక ఎకనామిక్స్ ప్రొఫెసర్ కూడా ఉన్నారని, ఆవిడ స్కాట్లాండ్‌లో పాఠాలు చెప్పేవారని చదివాను. పేరు క్లారా పొన్సాతి అనుకుంటా. క్లాసులు చెప్పుకునే మనిషి మంత్రి ఎలా అయ్యారు, అయిన మూడు నెలలకే అరెస్ట్ వారంట్ దాకా ఎందుకొచ్చింది? కాస్త వివరంగా చెప్తారా?

జవాబు: పేరు కరెక్టేనండి. ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడిగితే బాగుండని చాలా రోజులుగా అనుకుంటున్నా, ఎందుకంటే ఆ మొత్తం వ్యవహారంలో నాకు అందరికంటే ఆసక్తిగా అనిపించే మనిషి ఆవిడే.

1957లో బార్సిలోనాలో పుట్టారు. డిగ్రీ అక్కడే చేశారు, తర్వాత అమెరికా వెళ్ళి మిన్నెసోటా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశారు, అది 1988లో వచ్చింది. ఆవిడ సబ్జెక్ట్ గేమ్ థియరీ, అందులోనూ ముఖ్యంగా బేరసారాలు. అంటే ఇద్దరు ఒక విషయం మీద కూర్చుని మాట్లాడుకుంటున్నప్పుడు ఎవరు ఎంత వరకు తగ్గుతారు, ఎవరికి ఓపిక ఎక్కువ, అవతలివాడి దగ్గర ఏముందో తెలియకపోతే ఒప్పందం ఎందుకు లేటవుతుంది, మధ్యవర్తి వస్తే ఏం మారుతుంది, ఇలాంటివి లెక్కల్లో పెట్టి చూడటం. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, కింద మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

తర్వాత బార్సిలోనాలో టీచింగ్, అక్కడి ఎకనామిక్ అనాలిసిస్ ఇన్‌స్టిట్యూట్‌లో రీసెర్చ్, ఆ సంస్థకి కొన్నేళ్ళు డైరెక్టర్ కూడా. అంతవరకు అందరు ప్రొఫెసర్ల లాంటి జీవితమే. మలుపు అమెరికాలో వచ్చింది. వాషింగ్టన్‌లో జార్జ్‌టౌన్ యూనివర్సిటీలో విజిటింగ్ ప్రొఫెసర్‌గా ఉన్నారు, అది స్పెయిన్ ప్రభుత్వం సపోర్ట్ చేసే ప్రొఫెసర్ పదవి. 2013లో దాన్ని పొడిగించలేదు. తను కాటలోనియా స్వాతంత్ర్యానికి అనుకూలంగా బయట మాట్లాడినందుకే తీసేశారని ఆవిడ అంటారు. అంటే మంత్రి కాక ముందే, రోడ్డెక్కక ముందే, అభిప్రాయం చెప్పినందుకు ఉద్యోగం పోయిన అనుభవం ఉందన్నమాట ఆవిడకి. అక్కణ్ణుంచి స్కాట్లాండ్ వచ్చి సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీలో చేరారు, 2016 నుంచి ఎకనామిక్స్ అండ్ ఫైనాన్స్ స్కూల్ హెడ్.

ఇక 2017 జులై. అక్టోబర్ 1న స్వాతంత్ర్యం మీద రెఫరెండం పెడతామని కాటలన్ ప్రభుత్వం ప్రకటించేసింది, మాడ్రిడ్ (అంటే స్పెయిన్ కేంద్ర ప్రభుత్వం) ఏమో అది చట్టవిరుద్ధం అంటోంది, కేసులు పడితే ఆస్తులు కూడా పోతాయేమో అని కేబినెట్‌లోనే కొందరికి భయం పట్టుకుంది. పుచ్‌డెమోన్ కొంతమంది మంత్రుల్ని మార్చి, వెనక్కి తగ్గనివాళ్ళని తెచ్చుకున్నారు. అలా వచ్చినవాళ్ళలో పొన్సాతి ఒకరు, శాఖ విద్య. ఎకనామిస్ట్‌కి ఆర్థికం కాకుండా విద్య ఏంటి అని మీకు అనిపించొచ్చు. కానీ ఆ టైమ్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన కుర్చీ అదే, ఎందుకంటే పోలింగ్ బూత్‌లు పెట్టాల్సింది ఎక్కువగా స్కూళ్ళలో, స్కూళ్ళ తాళాలు ఉండేది ప్రిన్సిపాళ్ళ దగ్గర, ఆ ప్రిన్సిపాళ్ళకి పైన ఉండేది విద్యామంత్రి.

ఇక్కడ ఆవిడ చేసిన పని ఒకటి చెప్పాలి. తాళాలు ఇస్తే ప్రిన్సిపాళ్ళ మీద క్రిమినల్ కేసులు పడే పరిస్థితి. అప్పుడు ఆవిడ, పోలింగ్ జరిగే ప్రభుత్వ స్కూళ్ళ బాధ్యత ఆ రోజుకి నేనే తీసుకుంటున్నా అని వాళ్ళ మీద నుంచి భారం తన మీదకి మార్చుకున్నారు. రాజకీయాల్లో బాధ్యత పైనుంచి కిందకి జారడమే ఎక్కువ చూస్తాం, ఇది కింద నుంచి పైకి వెళ్ళింది. తర్వాత కేసులో ఇదే పెద్ద పాయింట్ అయింది.

ఆ వీకెండ్ స్కూళ్ళ సంగతి వింటే మాత్రం ఒళ్ళు జలదరిస్తుందండి. శుక్రవారం సాయంత్రం బడి అయిపోయాక తల్లిదండ్రులు ఇళ్ళకి వెళ్ళలేదు, పోలీసులు వచ్చి సీల్ వేయకుండా పిల్లలకి ఆటలు పాటలు అని పెట్టి అక్కడే దుప్పట్లు పరుచుకుని పడుకున్నారు. బ్యాలెట్ బాక్సులు, మూతలున్న తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలు, వాటి కోసం స్పెయిన్ పోలీసులు వారాల తరబడి వెతికినా దొరకలేదు. మామూలు జనం ఇళ్ళలో దాచి, ఆదివారం తెల్లవారకముందే తెచ్చి పెట్టారు. ఆ రోజు స్పెయిన్ జాతీయ పోలీసులు, సివిల్ గార్డ్ అనే పారామిలిటరీ దళం కలిసి తలుపులు పగలగొట్టి లోపలికి వెళ్ళడం, క్యూలో ఉన్నవాళ్ళ మీద లాఠీలు, ఇదంతా ప్రపంచం టీవీలో చూసింది. వైద్యం తీసుకున్నవాళ్ళు వెయ్యి మందికి పైనే అని కాటలన్ ఆరోగ్య శాఖ చెప్పింది, మాడ్రిడ్ ఆ లెక్క ఒప్పుకోలేదు. పడిన ఓట్లు సుమారు 22.8 లక్షలు, అందులో 90 శాతం స్వాతంత్ర్యానికి అవును. కానీ ఓటింగ్ 43 శాతమే, వద్దనుకున్నవాళ్ళలో చాలామంది అసలు వెళ్ళనే లేదు. ఈ రెండో సంగతి కూడా చెప్పకపోతే కథ సగమే చెప్పినట్టు.

అక్టోబర్ 27న కాటలన్ పార్లమెంట్‌లో 70 ఓట్లతో స్వాతంత్ర్య ప్రకటన, అదే రోజు మాడ్రిడ్ స్పెయిన్ రాజ్యాంగంలోని 155వ ఆర్టికల్ కింద కాటలన్ ప్రభుత్వాన్నే రద్దు చేసింది. రెండు మూడు రోజుల్లో పుచ్‌డెమోన్, పొన్సాతి, ఇంకో ముగ్గురు నలుగురు బెల్జియంలో తేలారు. జులై మధ్యలో మంత్రి, అక్టోబర్ చివరికి దేశం బయట, ఇదీ ఆ మూడు నెలల లెక్క.

ప్రశ్న: మేం బ్లఫ్ చేశాం అని ఆవిడే అన్నారట. మరి జనాన్ని మోసం చేసినట్టేగా?

జవాబు: అన్నారు, 2018లో లండన్‌లో ఒక సభలో. పేకాటలో చేతిలో ముక్కల్లేకుండా బ్లఫ్ చేసినట్టు చేశాం అనే అర్థంలో. ఆ మాట స్పెయిన్‌లో బాంబులా పేలింది, ఇంతకాలం మేం చెప్పింది ఇదే కదా అని వ్యతిరేకులు పండగ చేసుకున్నారు, సొంత వాళ్ళేమో ఇప్పుడు ఇది అవసరమా అని మండిపడ్డారు.

ఇందాక గుర్తు పెట్టుకోమన్నది ఇందుకే. జీవితమంతా బేరసారాల మీద పేపర్లు రాసిన మనిషి అన్న మాట ఇది. వాళ్ళ శాస్త్రం ప్రకారం బెదిరింపుకి విలువ ఎప్పుడంటే, నువ్వు అన్నంత పనీ చేయగలవని అవతలివాడు నమ్మినప్పుడు మాత్రమే. స్వతంత్ర దేశం ప్రకటిస్తాం అంటే మర్నాడు పొద్దున పన్నులు ఎవరు వసూలు చేస్తారు, సరిహద్దు దగ్గర ఎవరుంటారు, పోలీసులు ఎవరి మాట వింటారు, ఏ దేశం గుర్తిస్తుంది? వీటికి జవాబు రెడీగా లేదు, ఆ సంగతి మాడ్రిడ్‌కి తెలుసు. యూరోపియన్ యూనియన్ ఇది స్పెయిన్ అంతర్గత వ్యవహారం అనేసింది. రెఫరెండం అయిన వారం లోపే సబడెల్ బ్యాంక్ రిజిస్టర్డ్ ఆఫీస్‌ని అలికాంతెకి, కైషాబ్యాంక్ వాలెన్సియాకి మార్చేసుకున్నాయి. అవతలివాడు మన ముక్కలు చూసేశాక బ్లఫ్ ఇంకేం పని చేస్తుంది?

మోసం అనే మాట గురించి నా అభిప్రాయం అడిగితే, ఆ తప్పు ప్రభుత్వం మొత్తానిది, ఆవిడ కూడా అందులో ఉన్నారు కాబట్టి ఆవిడదీ. స్కూల్ గుమ్మంలో లాఠీ దెబ్బ తిన్నవాళ్ళు బ్లఫ్ కోసం నిలబడలేదు, నిజమనుకునే నిలబడ్డారు. వాళ్ళకి ఆ మాట ఎంత గుచ్చుకుని ఉంటుందో ఊహించగలను. అయినా సరే, కేసు నెత్తిమీద ఉండగా, దాచుకోవడమే లాభమైన చోట ఆవిడ నోరు విప్పి ఒప్పుకున్నారు చూడండి, ఆ నిజాయితీకి నేను చాలా విలువ ఇస్తాను. మిగతా నాయకుల్లో అంత సూటిగా చెప్పినవాళ్ళు తక్కువ.

ప్రశ్న: అసలు ఎకనామిస్టులకి ఈ ఉద్యమంలో పనేంటి? డబ్బు గొడవేనా?

జవాబు: డబ్బు ఒక్కటే కాదు, కానీ పెద్ద భాగమే. స్పెయిన్ జనాభాలో కాటలోనియా సుమారు 16 శాతం, జీడీపీలో సుమారు 19 శాతం. అక్కణ్ణుంచి వెళ్ళే పన్నులకి, తిరిగొచ్చే ఖర్చుకి మధ్య తేడా కాటలోనియా జీడీపీలో 8 శాతం వరకు ఉంటుందని అక్కడి ప్రభుత్వం లెక్క, మాడ్రిడ్ వేరే పద్ధతిలో లెక్కేసి తక్కువ చూపిస్తుంది, ఆ పద్ధతుల మీదే ఎకనామిస్టులు ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. స్పెయిన్‌లోనే ఇంకో ప్రాంతమైన బాస్క్ వాళ్ళేమో తమ పన్నులు తామే వసూలు చేసుకుని మాడ్రిడ్‌కి వాటా పంపుతారు. మాకూ అలాంటిదే కావాలని 2012 సెప్టెంబర్‌లో అప్పటి కాటలన్ అధ్యక్షుడు అర్తుర్ మాస్ (ఆయన చదువు కూడా ఎకనామిక్సే) స్పెయిన్ ప్రధాని రహోయ్‌ని అడిగితే కుదరదన్నారు. అంతకు రెండేళ్ళ ముందే, 2010లో, ఓటర్లు ఆమోదించిన స్వయంప్రతిపత్తి చట్టంలో కొన్ని ఆర్టికల్స్‌ని రాజ్యాంగ కోర్టు కొట్టేసింది. స్పెయిన్‌లో ఉండే బాగుచేసుకుందాం అనుకున్న చాలామందికి ఆ రెండు దెబ్బలతో ఆశ పోయింది.

ప్రశ్న: తర్వాత కేసు ఏమైంది? ఇప్పుడు ఏం చేస్తున్నారు?

జవాబు: 2018 మార్చిలో బెల్జియం నుంచి సెయింట్ ఆండ్రూస్ తిరిగెళ్ళి మళ్ళీ పాఠాలు మొదలుపెట్టారు. అదే నెల స్పెయిన్ సుప్రీంకోర్టు జడ్జి యరేనా యూరోపియన్ వారంట్ (యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఎక్కడున్నా అరెస్ట్ చేసి అప్పగించమనేది) ఇచ్చారు, అందులో రెబెలియన్ కూడా ఉంది, అంటే హింసాత్మక తిరుగుబాటు, స్పెయిన్ చట్టంలో దానికి 30 ఏళ్ళ దాకా పడొచ్చు. మార్చి 28న ఆవిడే ఎడిన్‌బరో పోలీస్ స్టేషన్‌కి నడిచి వెళ్ళి లొంగిపోయారు. లాయర్ ఖర్చులకి విరాళాలు అడిగితే కొన్ని గంటల్లోనే లక్ష పౌండ్లు దాటేసింది. జులైలో జర్మనీ కోర్టు పుచ్‌డెమోన్‌ని రెబెలియన్ కింద అప్పగించం అనేసరికి స్పెయిన్ అందరి మీద వారంట్లూ వెనక్కి తీసుకుంది. 2019లో ఈసారి సెడిషన్ (చట్టం అమలు కాకుండా గుంపుగా అడ్డుకోవడం) పేరుతో ఇంకో వారంట్, మళ్ళీ ఎడిన్‌బరో, మళ్ళీ బెయిల్.

ఇంతలో బ్రెగ్జిట్ ఆవిడకి కలిసొచ్చింది. 2019 యూరోపియన్ ఎన్నికల్లో పుచ్‌డెమోన్ లిస్ట్‌లో ఆవిడది మూడో పేరు, వచ్చింది రెండు సీట్లే. బ్రిటన్ వెళ్ళిపోయాక ఖాళీ అయినవాటిలో స్పెయిన్‌కి ఐదు సీట్లు అదనంగా దక్కాయి, అందులో ఒకటి ఆవిడకి. అలా 2020 ఫిబ్రవరిలో ఎంపీ అయ్యారు. వచ్చీ రాగానే పెద్ద తప్పు కూడా చేశారు, కోవిడ్ మొదట్లో మాడ్రిడ్‌లో జనం చనిపోతుంటే వ్యంగ్యంగా ట్వీట్ పెట్టి, తర్వాత తీసేసి సారీ చెప్పారు. అది సమర్థించలేని పని, నేనూ సమర్థించను. 2021 మార్చిలో యూరోపియన్ పార్లమెంట్ ఓటేసి ఆవిడకి ఎంపీగా ఉన్న ఇమ్యూనిటీ, అంటే కేసుల నుంచి రక్షణ, తీసేసింది.

2023 మొదట్లో స్పెయిన్ సెడిషన్ నేరాన్నే చట్టంలోంచి తీసేసింది, ఆవిడ మీద మిగిలింది కోర్టు ఆజ్ఞ ధిక్కరణ, దానికి జైలు లేదు. అప్పుడు మార్చి 28న, ఎడిన్‌బరోలో లొంగిపోయి సరిగ్గా ఐదేళ్ళైన రోజున, చెప్పాపెట్టకుండా బార్సిలోనా వచ్చి ప్రెస్ మీట్ పెట్టి, కెథెడ్రల్ వైపు నడుస్తుంటే కాటలన్ పోలీసులే నడిరోడ్డు మీద అరెస్ట్ చేశారు. ఎంపీ కార్డు చూపించి ఈ అరెస్ట్ చెల్లదు అన్నారు, వాళ్ళు వినలేదు. ఆ రాత్రికే జడ్జి వదిలేశారు. ఒకప్పుడు ఆవిడ కేబినెట్ కింద పనిచేసిన పోలీసులే అది.

ఆ తర్వాత సొంత కూటమి మీదే గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు, పెద్ద స్వాతంత్ర్య పార్టీలైన జుంట్స్ (పుచ్‌డెమోన్ పార్టీ), ఎస్కేరా రెండూ మాడ్రిడ్‌తో చిన్న చిన్న ఒప్పందాలు చేసుకుంటూ 2017ని మర్చిపోయాయని. జోర్డి గ్రావుపేరాతో కలిసి అలోరా అని కొత్త పార్టీ పెట్టి 2024 మే 12 కాటలన్ ఎన్నికల్లో దిగారు. ఒక్క సీటు కూడా రాలేదు. ఆ ఎన్నికల్లోనే స్వాతంత్ర్య పార్టీలన్నీ కలిపినా మెజారిటీ పోయింది, ఆగస్టులో సోషలిస్ట్ సాల్వడోర్ ఇయా అధ్యక్షుడయ్యారు.