పప్పీ ప్లేకి ముందు ఏం కొనాలి? వాడిన అనుభవంతో నా జవాబు

"ఇద్దరం ముప్పై దాటిన దంపతులం. పప్పీ ప్లే మొదలుపెడదాం అనుకుంటున్నాం. కాలర్, హుడ్, తోక, వీటిలో ముందు ఏది కొనాలి? కుక్కల కోసం అమ్మే సామాను మనం వాడితే ప్రమాదమా?" అనే కదా మీరు అడిగింది. పప్పీ ప్లే అంటే పెద్దవాళ్లు ఇష్టపడి ఆడుకునే ఆట, ఒకరు కుక్కపిల్లలా (పప్పీ) ఉంటే ఇంకొకరు యజమానిలా (హ్యాండ్లర్) చూసుకుంటారు. హుడ్ అంటే కుక్క ముఖం ఆకారంలో ఉండే తలతొడుగు. మా ఇంట్లో పప్పీని నేను, హ్యాండ్లర్ మా ఆవిడ. కొన్నేళ్లుగా వాడుతున్నవాడిగా చెప్తున్నాను.

ముందు కొనాల్సిన వస్తువు మీ జాబితాలోనే లేదు. మోకాలి ప్యాడ్లు. ఫొటోల్లో ఎవరికీ కనపడవు కాబట్టి ఎవరూ అడగరు. నాలుగు కాళ్ల మీద కాసేపు తిరిగితే తెలుస్తుంది, మోకాలి చిప్ప కింద ఎంత తక్కువ కండ ఉందో. కార్పెట్ అయితే చర్మం రాసుకుపోయి మంట పుడుతుంది, గచ్చు అయితే ఎముక నొప్పి. పరుపు లాంటి మెత్తటి చోటుకి వాలీబాల్ ఆటగాళ్లు వేసుకునే రకం చాలు. గట్టి నేల మీదైతే టైల్స్ వేసే పనివాళ్లు కట్టుకునే జెల్ ప్యాడ్లు మేలు. పట్టీ మోకాలి వెనక గుంటలో బిగుసుకోకూడదు. కాలు తిమ్మిరెక్కితే వెంటనే వదులు చేయాలి.

మోకాళ్ల తర్వాత మణికట్టు. అరచెయ్యి నేలకి ఆనించి బరువంతా దాని మీద వేస్తే మణికట్టు బాగా వెనక్కి వంగుతుంది, అక్కడి నరం నలుగుతుంది. వేళ్లలో చీమలు పాకినట్టు ఉంటే కారణం అదే. పిడికిలి బిగించి తొడుక్కునే మందపాటి మిట్స్ (వేళ్లు విడిగా లేని చేతి తొడుగులు) అయితే మణికట్టు నిటారుగా ఉంటుంది, నాకు అవే సుఖం. కానీ మిట్స్ తొడిగారంటే ఆ మనిషికి చేతులు లేనట్టే. బకిల్ తీయలేడు, తలుపు తెరవలేడు, ఫోన్ పట్టుకోలేడు. అందుకే మిట్స్ చేతులకి ఉన్నంతసేపు మా ఆవిడ గది దాటదు. దీని మీద మా ఇద్దరి మధ్య బేరాల్లేవు. మొదటిసారి కొనేవాళ్లు వెల్క్రో రకమే తీసుకోండి, అవసరమైతే పళ్లతో లాగేసుకోవచ్చు.

అసలు ఏ వస్తువు కొన్నా నేను చూసేది ఒక్కటే. కంగారు పుట్టినప్పుడు ఇది ఎంతసేపట్లో ఊడుతుంది? పెట్టుకోవడానికి ఎంతసేపు పట్టినా ఫరవాలేదు. కొత్త వస్తువు ఇంటికి రాగానే మామూలు బట్టల్లో కూర్చుని పెట్టుకుంటాను, మా ఆవిడ లైటు ఆపేసి తీస్తుంది. చీకట్లో తడుముకున్నా చటుక్కున రావాలి. రాకపోతే ఆటలోకి తేము, ఎంత అందంగా ఉన్నా సరే. తాళం ఉన్న కాలర్ అయితే తాళంచెవి అదే గదిలో, ఇద్దరికీ తెలిసిన చోట ఉండాలి. పక్కనే మొద్దు మొన ఉన్న కత్తెర ఒకటి పెట్టుకోండి. అంబులెన్స్ వాళ్లు బట్టలు కత్తిరించడానికి వాడే రకం పట్టీలని ఇట్టే కోస్తుంది, చర్మానికి గుచ్చుకోదు.

ఇక కాలర్. కుక్కలకి అమ్మేదైనా సరే, వెడల్పుగా, చదునుగా, లోపలివైపు మెత్తగా ఉంటే వాడుకోవచ్చు. పెట్టాక రెండు వేళ్లు లోపల దూరి సులువుగా తిరగాలి. నిలబడి ఒకసారి, చేతులూ మోకాళ్ల మీద ఉండి తల పైకెత్తి ఇంకోసారి చూడండి. తల ఎత్తితే మెడ కొలత మారుతుంది, నిలబడ్డప్పుడు వదులుగా ఉన్నది అప్పుడు బిగుస్తుంది. మా ఆవిడ ఆట మధ్యలో కూడా వేళ్లు దూర్చి చూస్తుంది, నిమిరినట్టే ఉంటుంది కాబట్టి ఆట చెడదు. లాగితే బిగుసుకునే గొలుసులు, లోపలికి ముళ్లున్నవి, కరెంటు షాకిచ్చేవి మాత్రం మనిషి మెడ దగ్గరికే రానివ్వకండి. మెడకి రెండు పక్కలా మెదడుకి రక్తం తీసుకెళ్లే ధమనులున్నాయి. అవి నొక్కుకుపోతే సుమారు 10 సెకన్లలోనే స్పృహ తప్పొచ్చు, సేఫ్ వర్డ్ (ఆట ఆపమని ముందే అనుకున్న మాట) చెప్పే వ్యవధి కూడా ఉండదు.

అందుకే లీష్ (హ్యాండ్లర్ పట్టుకునే తాడు) తగిలించాల్సింది ఛాతీ చుట్టూ కట్టే హార్నెస్‌కి. లాగుడు ఒంటి మీద పడుతుంది, మెడ మీద పడదు. కాలర్‌కే తగిలించాలని ముచ్చటగా ఉంటే లీష్ వదులుగా వేలాడాలి, ఊరికే చేత్తో పట్టుకోవాలి. మంచం కోడుకో తలుపు గొళ్లేనికో కట్టేయడం ఒక్క నిమిషానికైనా వద్దు. బోను కొంటే దానికీ ఇదే వరస. లోపల మనిషి ఉండగా బయట మనిషి కనుచూపు మేరలో ఉండాలి.

చవక బకిల్స్‌కి నికెల్ పూత ఉంటుంది. నికెల్ పడనివాళ్లకి మెడ మీద దురద, దద్దుర్లు వస్తాయి. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌లో కూడా నికెల్ ఉంటుంది కానీ చర్మానికి తగిలేది చాలా తక్కువ.

హుడ్ తొందరపడి కొనకండి. కనుబొమల పైన తల చుట్టూ టేపు పెట్టి కొలిచి, ఆ కొలత ప్రకారం తీసుకోండి. ఎక్కువగా నియోప్రీన్‌తో చేస్తారు. మెత్తగానే ఉంటుంది కానీ వేడిని బయటికి పోనివ్వదు, పక్కచూపు సగం పోతుంది. మూతి భాగం విడిగా ఊడే రకం ఎంచుకోండి. ఊపిరి ఆడాలన్నా, నీళ్లు తాగాలన్నా హుడ్ మొత్తం తీయక్కర్లేదు. జలుబుతో ముక్కు దిబ్బడ వేసిన రోజు నేను హుడ్ ముట్టుకోను. లేటెక్స్ పడనివాళ్లు లేటెక్స్ హుడ్ జోలికి పోకండి. వాడాక చల్లని నీళ్లలో కొద్దిగా సబ్బుతో చేత్తో ఉతికి, నీడలో పూర్తిగా ఆరబెట్టాలి. తోలు సామానుని ఇలా నానబెడితే పాడవుతుంది, తడిగుడ్డతో తుడిచి గాలికి ఉంచడమే.

హుడ్‌లో మాట సరిగ్గా వినపడదు. పైగా పప్పీ మూడ్‌లో లోతుగా దిగినవాడికి మాటలు తట్టవు కూడా. కాబట్టి సేఫ్ వర్డ్‌కి తోడు ఒక సైగ అనుకోండి. నా నోట్లో కీచుమనే బంతి ఉంటుంది. దాన్ని వదిలేస్తే ఆగాలి. బంతి లేనప్పుడు చెయ్యి నేల మీద మూడుసార్లు కొట్టడం.

తోక విషయంలో మొదట బెల్టుకో హార్నెస్‌కో తగిలించేది తీసుకోమంటాను. ఊపడానికి అదే బాగుంటుంది, నిజానికి. మలద్వారం లోపల పెట్టుకునే రకం కావాలంటే అడుగు భాగం మిగతా దానికంటే బాగా వెడల్పుగా ఉండాలి, లేకపోతే లోపలికి జారిపోయి ఆస్పత్రికి వెళ్లాల్సి వస్తుంది. సిలికాన్, స్టీలు, బోరోసిలికేట్ గాజు శుభ్రం చేయడం తేలిక. జెల్లీలా వాసన కొట్టే మెత్తటి ప్లాస్టిక్‌లో సూక్ష్మరంధ్రాలుంటాయి, ఎంత కడిగినా పూర్తిగా శుభ్రపడదు. సిలికాన్ వస్తువుకి నీటి ఆధారిత లూబ్రికెంటే వాడండి. తిమ్మిరెక్కించే క్రీములు వద్దు, నొప్పి అంటే ఆగమని ఒళ్లు చెప్పడమే. తోక పట్టుకుని లాగడం అసలే వద్దని హ్యాండ్లర్‌కి ముందే చెప్పి ఉంచండి.

కుక్కల సామానులో నిశ్చింతగా కొనుక్కోదగ్గది స్టీలు గిన్నె. తల వంచి తాగితే పొలమారుతుంది, కొంచెం ఎత్తులో పెట్టి నెమ్మదిగా తాగనివ్వండి. హుడ్ ఉన్న రోజు నీళ్లు ఎక్కువే కావాలి. బిస్కెట్లు మాత్రం మనుషులవే పెట్టమనండి.