తెలుగు పుస్తకం దగ్గరే స్క్రీన్ రీడర్ ఎందుకు తడబడుతోంది?

ప్రశ్న: చూపు బాగా తగ్గిన విశ్రాంత ఉపాధ్యాయురాలిని. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో ఇంగ్లీషు పుస్తకాలు హాయిగా వింటున్నాను. తెలుగు పీడీఎఫ్‌లలో కొన్ని అసలు పలకవు, కొన్ని అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలను చదువుతున్నాయి. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: లోపం సాఫ్ట్‌వేర్‌ది కాదండీ, పుస్తకం తయారైన తీరుది. పలకని పీడీఎఫ్‌లలో ఉన్నవి పేజీల ఫొటోలే. అక్షరాలు లేనిచోట స్క్రీన్ రీడర్ చదవడానికేమీ ఉండదు. రెండో రకం, యూనికోడ్ (తెలుగును తెలుగు అక్షరాలుగానే నిల్వ చేసే పద్ధతి) కాని పాత డీటీపీ ఫాంట్లతో కూర్చినది: కంటికి 'అమ్మ'గా కనిపించేది లోపల ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులుగానే నిల్వ ఉంటుంది, స్క్రీన్ రీడర్ వాటినే పలుకుతుంది. ఒక వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టించి చూడండి, తెలుగు బదులు ఆ ఇంగ్లీషు అక్షరాలే బయటపడి సంగతి తేలిపోతుంది. ఇన్నేళ్లయినా మన ప్రచురణకర్తలు కొందరు ఈ ఫాంట్లను వదలకపోవడం విచారకరం.

ఫొటోల పీడీఎఫ్‌ను గూగుల్ డ్రైవ్‌లో ఉంచి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలుగా మారుతుంది. ఒత్తుల దగ్గర తప్పులు దొర్లవచ్చు. పాత ఫాంట్ల పుస్తకానికైతే ముందు పేజీలను ఫొటోలుగా మార్చి, ఆ తర్వాత ఇదే పని చేయించాలి. కొనేటప్పుడు యూనికోడ్‌లో ఈపబ్ (ఈ-పుస్తకాల ఫైలు రకం) దొరికితే అదే మేలు. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ ఆన్‌లైన్ గ్రంథాలయం అచ్చు చదవలేనివారి కోసమే ఉంది. 2012 నాటి కాపీరైట్ చట్ట సవరణ వల్ల, మీ వంటివారి కోసం పుస్తకాన్ని ఇలా మార్చుకోవడం నేరం కాదు.