కట్టు కన్నా ముందు వేళ్లు చూడు

పర్లాకిమిడి,
శనివారం రాత్రి

అమ్మలూ,

మీ ఆశ్రమ పాఠశాల ఆడపిల్లలు ముప్పైమందిని మహేంద్రగిరి ఎక్కిస్తున్నావని మధ్యాహ్నం మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. అన్నం సగంలో లేచిపోయాను. కోపం వచ్చిందనుకోకు. మన ఇంట్లో నా తరవాత మెడలో విజిల్ వేసుకున్నది నువ్వొక్కదానివే, ఆ మాట వీధరుగు మీద కూర్చున్న నలుగురికీ చెప్పాలి కదా, అందుకు. చెప్పొచ్చి కూర్చున్నాక భయం మొదలైంది. పదిహేను వందల మీటర్ల కొండ. పొద్దున్న మంచుకి తడిసిన రాయి మీద చెప్పు నిలవదు. పిల్లలకు పన్నెండేళ్లు, నీకు ఇరవై నాలుగు.

నీకు తెలిసినవి ఒక్క మాటలో రాసేస్తాను. బెణికితే నడిపించకు. తడి తువ్వాలు చుట్టి, కాలు ఎత్తు మీద పెట్టించు. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచు, అంతకు మించొద్దు. పిక్క పట్టేస్తే మోకాలు చాపించి, పాదాన్ని మెల్లగా ముందుకి, అంటే మోకాలి వైపుకి వంచు, ఓఆర్ఎస్ తాగించు. నూనె రాయకు. మీ నానమ్మ ఉన్నన్నాళ్లూ నా చీలమండ బెణికిన ప్రతిసారీ కర్పూరం వేసిన వేడి నూనెతో మర్దనా చేసేది, మర్నాటికి కాలు గుమ్మడికాయ అయ్యేది. ఆవిడని వద్దనలేక ఊరుకున్నాను, అది వేరే సంగతి. నీ దగ్గర ఎవరైనా బామ్ డబ్బా మూత తీస్తే చెయ్యి పట్టుకుని ఆపు. మొదటి రెండు రోజులూ వేడీ, మర్దనా వాపుని పెంచుతాయి.

"ఏమీ లేదు, బెణుకే" అని మాత్రం అనకు. పెద్దవాళ్లకి లిగమెంటు, అంటే కీలుని పట్టి ఉంచే పట్టీ, సాగే చోట పిల్లలకి ఎముకే దెబ్బతింటుంది. ఎదిగే పిల్లల ఎముక చివర మెత్తటి భాగం ఉంటుంది, ఎముక పొడవు పెరిగేది అక్కడే. కీలుని పట్టి ఉంచే ఆ పట్టీల కంటే అది బలహీనం. దెబ్బ తగిలిన పిల్ల సొంతంగా నాలుగు అడుగులు వేయలేకపోతే, చీలమండ ఎముక మీద వేలితో నొక్కితే గిలగిల్లాడితే, ఎక్స్‌రే తీసేదాకా అది విరిగిందనే లెక్క.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాన్నకి కూడా పూర్తిగా చెప్పలేదు.

1984 డిసెంబరు. గుణుపూర్‌లో స్కూళ్ల ఆటల పోటీలు. చిన్న రైల్లో పిల్లల్ని తీసుకెళ్లాను. మా జట్టులో ఒక సవర గుంటడు ఉండేవాడు, పదకొండేళ్లు. లేడిపిల్లలా ఎగిరేవాడు. పేరు రాయను. హైజంప్‌లో ఇసుక అవతల, చాపిన చెయ్యి మీద పడ్డాడు. మోచేతికి కాస్త పైన ఎముక విరిగింది, చూడగానే తెలిసిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్దామని తోటి మాస్టారు అన్నారు. మర్నాడు పొద్దున్న మా కబడ్డీ ఫైనల్. "ఫైనల్ అవగానే రైల్లో మన ఊరే తీసుకెళ్దాం, కట్టు నేను కడతాను" అన్నాను. అమ్మలూ, నేను ఆ మాట అన్నది ఫైనల్ కోసం. ఇన్నేళ్లూ దాన్ని వేరేగా చెప్పుకుంటూ వచ్చాను.

రెండు వెదురు బద్దలు పెట్టి, పంచె చింపి, పళ్లు బిగపట్టి లాగి కట్టాను. మా ఊరి కట్టు కట్టేవాడు అలాగే కట్టేవాడు. గట్టిగా ఉంటేనే ఎముక కదలదని నా నమ్మకం. కట్టు చూసి అందరూ మెచ్చుకున్నారు కూడా. రాత్రి తొమ్మిదింటికి గుంటడు ఏడుపు మొదలెట్టాడు. నొప్పి మాత్ర ఇచ్చాను. పదింటికి ఇంకా ఎక్కువైంది. "మగపిల్లాడివి, ఏడుస్తావా" అని కసిరాను. వాడికి ఒడియా బాగా వచ్చు, నాతో ఎప్పుడూ ఒడియాలోనే మాట్లాడేవాడు. నొప్పి ముదిరాక ఆ భాష పోయింది. సవరలో ఒకటే మాట, మళ్లీ మళ్లీ. వాళ్ల అమ్మని తలుచుకుంటున్నాడనుకుని నేను అటు తిరిగి పడుకున్నాను.

తెల్లారి చూస్తే వేళ్లు వంకాయల్లా నల్లగా ఉబ్బి ఉన్నాయి. ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. ఫైనల్ ఎవరు గెలిచారో నాకు గుర్తులేదు. పర్లాకిమిడి నుంచి బరంపురం పెద్దాసుపత్రికి పంపారు. చెయ్యి తీసేయాల్సిన అవసరం రాలేదు, కానీ ముంజేతి కండ చచ్చిపోయింది, వేళ్లు పక్షి గోళ్లలా లోపలికి ముడుచుకుపోయాయి. అక్కడి డాక్టరు నన్ను తిట్టలేదు. కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. ముంజేతి కండల చుట్టూ సాగని పొర ఉంటుందిట. విరిగిన చోట వాపు గంటగంటకీ పెరుగుతుంది. పైన నా కట్టు సాగదు, లోపల ఆ పొర సాగదు. మధ్యలో ఒత్తిడి పెరిగి కండకి రక్తం అందదు. ఆరు గంటలు అలా ఉంటే ఆ కండ మళ్లీ బతకడం కష్టం. ఫోల్క్‌మన్ అనే జర్మనీ డాక్టరు ఈ సంగతి 1881లోనే రాశాడని చెప్పాడు. నూరేళ్లు దాటింది, నా చెవిన పడలేదు.

ఆసుపత్రి వరండాలో వాళ్ల నాన్నని అడిగాను, రాత్రంతా వాడన్న ఆ మాట ఏమిటని. "విప్పు" అని అర్థమట.

అందుకే చెబుతున్నాను. కట్టేముందు వేళ్లు చూడు, కట్టాక చూడు, ఆ తరవాత ప్రతి పావుగంటకీ చూడు. గోరు నొక్కితే తెల్లబడుతుంది, వదలగానే "ఒకటి, రెండు" అనేలోపు ఎర్రబడాలి. వేళ్లు వెచ్చగా ఉండాలి, ముట్టుకుంటే తెలియాలి. కట్టాక నొప్పి తగ్గాలి గానీ పెరగకూడదు. వేళ్లని నువ్వు మెల్లగా చాపితే పిల్ల అరిచిందంటే, నాడి బాగానే కొడుతున్నా సరే, కట్టు వదులు చెయ్యి. బద్ద అలాగే ఉండనీ, గుడ్డ మాత్రం వదులు చెయ్యి. తరవాత ఒక్క నిమిషం ఆగకుండా బయల్దేరు.

నీ పిల్లల్లో సవర వాళ్లుంటారు. "నొప్పి", "తిమ్మిరి", "విప్పు", ఈ మూడు మాటలూ వాళ్ల భాషలో వాళ్ల దగ్గరే నేర్చుకుని వెళ్లు. ఇది మాత్రం మరిచిపోయానని నాతో అనకు.

బద్ద కట్టడం తెలుసుగా. చెయ్యి ఏ వంకరలో ఉంటే ఆ వంకరలోనే, సరిచేయకుండా, విరిగిన చోటుకి పైకీలూ కిందికీలూ కదలకుండా కట్టాలి. వెదురు లేకపోతే మడిచిన గొడుగు, అట్టముక్క, చుట్టిన పాత పేపర్లు, ఏవైనా పనికొస్తాయి. లోపల మెత్తగా గుడ్డ పెట్టు, ముడి విరిగిన చోట వేయకు. జోలెకి నీ చున్నీ చాలు. గాజులు, ఉంగరాలు, కాళ్ల పట్టీలు వాపు రాకముందే తీసెయ్యి. మణికట్టుకి రక్షతాడు ఉంటే కత్తిరించు. తల్లులు గొడవ చేస్తే మా తాతయ్య కత్తిరించమన్నాడని నా మీద పెట్టు. ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే లోపలికి తోయకు, కడగకు, శుభ్రమైన గుడ్డ కప్పు. రక్తం కారుతుంటే ఆ ఎముక పక్కల నొక్కి పట్టు.

భుజం గూడ జారితే లాగకు. కబడ్డీలో వేళ్ల కీళ్లు ఎన్నో లాగి సరిచేశాను నేను, నాకు అదృష్టం బాగుంది, అంతే. గూడ దగ్గర నరం, రక్తనాళం పక్కనే ఉంటాయి. తొడ ఎముక విరిగితే బయట చుక్క కనపడకుండా లోపలే లీటరు పైన రక్తం పోవచ్చు. పడుకోబెట్టి దుప్పటి కప్పి 108కి చెయ్యి. ఆపరేషన్ పడొచ్చు కాబట్టి టీ నీళ్లు కూడా పట్టకు. ఎత్తు నుంచి పడి మెడ, నడుం నొప్పంటే కాళ్లూ చేతులూ పట్టుకుని మోసుకురావడం మన ఊళ్లలో అలవాటు. నువ్వు ఒప్పుకోకు. నువ్వే తల రెండు వైపులా పట్టుకుని కూర్చో, సాయం వచ్చేదాకా వదలకు. పైనుంచి రాళ్లు పడుతుంటే తప్ప కదపొద్దు.

ఆ గుంటడు ఇప్పుడు రాయగడలో కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు. ఏటా శివరాత్రికి మహేంద్రగిరి వెళ్తూ ఇక్కడ ఆగుతాడు. నాకు నమస్కారం పెడతాడు. రెండు అరచేతులూ కలవవు. నేను ఆ చేతుల వైపు చూడకుండా "కూర్చో, కూర్చో" అంటాను.

సోమవారం పొద్దున్న గుణుపూర్ బస్సు డ్రైవరుకి సంచి ఇచ్చి పంపుతాను. ఆరు క్రేప్ బ్యాండేజీలు, నా పాత విజిల్, ఒక కత్తెర ఉంటాయి. కత్తెర మొన అరగదీయించాను, చర్మానికి గుచ్చుకోదు. అది సంచి అడుగున వేయకు, జేబులో పెట్టుకో. మామిడి తాండ్ర నీకు, పిల్లలకి పంచేస్తావని తెలిసి రెండు పొట్లాలు పెట్టాను.

కొండ దిగగానే ఫోన్ చెయ్యి. అర్ధరాత్రైనా పరవాలేదు, ఆ రోజు నేను నిద్రపోను.

మీ తాతయ్య