కోత లేకుండా వైద్యం చేసే డాక్టరు కావాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. కిరాణా కొట్టు నడుపుతాను. మా నాన్నకు పాతికేళ్ల కింద టీబీ వచ్చి తగ్గింది. మొన్న దసరా ముందు దగ్గితే గ్లాసుడు రక్తం పడింది. హైదరాబాద్ తీసుకెళ్లాం. ఛాతీ కోసి ఆపరేషన్ చేస్తారేమోనని భయపడ్డాం. తొడ దగ్గర చిన్న రంధ్రం పెట్టి లోపలి నుంచే రక్తం ఆపేశారు. నాన్న మెలకువగానే ఉన్నాడు, నాలుగో రోజుకు ఇంటికొచ్చాడు. అదంతా దగ్గరుండి చూసిన మా అమ్మాయి (ఇంటర్ సెకండియర్, బైపీసీ) తానూ ఆ డాక్టరమ్మలాగే అవుతానంటోంది. ఆమె సర్జనా? దానికి ఏ కోర్సు చదవాలి? నీట్‌లో సీటు రాకపోతే వేరే దారి ఉందా? ఎక్స్‌రేల మధ్య పని ఆడపిల్లకు మంచిది కాదని బంధువులంటున్నారు, నిజమేనా?

కింద అమ్మాయి రాసిన వాక్యం: సార్, నాకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. అయినా పర్వాలేదా?

జవాబు: మీ నాన్నగారు తేరుకున్నందుకు సంతోషం. ఆ డాక్టరమ్మ సర్జన్ కాదు, రేడియాలజిస్టు. స్కానింగులు చదివి రిపోర్టు రాసే శాఖలోంచే ఈ వైద్యం పుట్టింది. దీన్ని ఇంటర్వెన్షనల్ రేడియాలజీ అంటారు. ఆసుపత్రుల్లో అందరూ ఐఆర్ అనే పిలుస్తారు.

ఈ పని రేడియాలజిస్టుల చేతికి రావడం వెనక ఒక కథ ఉంది. 1964 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 82 ఏళ్ల ముసలావిడకు కాలి రక్తనాళం మూసుకుపోయి వేళ్లు కుళ్లడం మొదలైంది. కాలు తీసేయాలన్నారు సర్జన్లు. ఆమె ఒప్పుకోలేదు. అప్పుడు ఛార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు ఎక్స్‌రే తెర మీద చూస్తూ, సన్నని గొట్టం మీదుగా కాస్త లావు గొట్టం తోసి ఆ నాళాన్ని వెడల్పు చేశాడు. కాలు నిలిచింది. ఆ తర్వాత ఆవిడ రెండేళ్లకు పైగా తన కాళ్ల మీదే తిరిగింది. తోటి డాక్టర్లు మాత్రం చాలాకాలం ఆయన్ని పిచ్చి ఛార్లీ అనే పిలిచారు. ఇప్పుడు మన ఊళ్లలో అందరికీ తెలిసిన గుండె బెలూన్, స్టెంట్ ఆ బాటలోనే వచ్చాయి. ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ జ్యూరిచ్‌లో గుండె నాళంలో తొలి బెలూన్ వేసింది 1977లో.

ఇక మీ నాన్నగారికి ఏం చేశారో చెబుతాను. మీ అమ్మాయి ఏం చదవాలో అందులోనే ఉంది. టీబీ తగ్గినా ఊపిరితిత్తిలో మచ్చ మిగులుతుంది. దాని చుట్టూ ఉండే చిన్న రక్తనాళాలు ఏళ్ల తరబడి ఉబ్బి, ఒకరోజు ఒకటి చిట్లుతుంది. డాక్టరు గజ్జల దగ్గర మత్తు సూది ఇచ్చి ధమనిలోకి సూది దించుతారు. సూదిలోంచి తీగ పంపి, సూది తీసేసి, తీగ మీదుగా గొట్టం ఎక్కిస్తారు. సెల్డింజర్ అనే స్వీడన్ డాక్టరు 1953లో ప్రచురించిన పద్ధతి ఇది. డెబ్బై ఏళ్లు దాటినా నేటికీ అంతా దీని మీదే నడుస్తోంది. రెండు మిల్లీమీటర్లు కూడా లేని ఆ గొట్టాన్ని ఛాతీ దాకా నడిపి, దాని లోపలి నుంచి ఇంకా సన్నని గొట్టాన్ని చిట్లిన నాళంలోకి చేరుస్తారు. రంగు మందు వదిలితే తెర మీద నాళాలు చెట్టు వేళ్లలా కనిపిస్తాయి. సన్న ఇసుకలాంటి రేణువులను అందులోకి వదిలితే నాళం మూసుకుపోయి రక్తం ఆగుతుంది. రేణువు సైజు మిల్లీమీటరులో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది.

అయితే రేణువులు వదిలే ముందు ఒక క్షణం ఉంది. నా పాత విద్యార్థి ఒకతను ఈ పని జరిగే గదిలో, అంటే క్యాథ్‌ల్యాబ్‌లో టెక్నీషియన్. అతని పుణ్యమా అని ఓసారి అద్దం ఇవతల నిలబడి ఈ పని చూశాను. అంతా సిద్ధంగా ఉంది, సిరంజి డాక్టరు చేతిలోనే ఉంది, ఆమె మాత్రం వదల్లేదు. బొమ్మను వెనక్కి తిప్పించి మళ్లీ చూసింది. ఇంకోసారి తిప్పించింది. ఏం వెతుకుతోందని అడిగాను. ఛాతీ నాళాల్లోంచి కొందరిలో వెన్నుపాముకు ఒక సన్నని కొమ్మ పోతుందట. ఆడవాళ్ల తలపిన్నులా పైకెళ్లి కిందికి వంగి ఉంటుందట. రేణువులు పొరపాటున అందులోకి పోతే రోగి కాళ్లు పడిపోతాయి. ఆ వెంట్రుకంత గీతను బొమ్మలో పట్టుకోలేని మనిషి చేతికి ఆ సిరంజి ఇవ్వకూడదు. అందుకే ఈ శాఖకు దారి సర్జరీ గుండా కాక రేడియాలజీ గుండా వేశారు.

ఆ దారి ఇదీ. నీట్ రాసి ఎంబీబీఎస్, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. తర్వాత నీట్ పీజీ రాసి ఎండీ రేడియోడయాగ్నసిస్ మూడేళ్లు, జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే డీఎన్‌బీ అయినా సమానమే. ఆ తర్వాత నీట్ ఎస్‌ఎస్ (సూపర్ స్పెషాలిటీ పరీక్ష) రాసి డీఎం గానీ, దానికి సమానమైన డీఆర్‌ఎన్‌బీ గానీ ఇంటర్వెన్షనల్ రేడియాలజీలో ఇంకో మూడేళ్లు. ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ లాంటి చోట్ల డీఎంకు వేరే ప్రవేశ పరీక్ష ఉంటుంది. దేశం మొత్తం మీద ఈ సీట్లు తక్కువే. అందుకే ఎండీ అయ్యాక పెద్ద ఆసుపత్రుల్లో ఏడాదో రెండేళ్లో ఫెలోషిప్ చేసి ఈ పనిలోకి దిగేవాళ్లూ ఉన్నారు. ప్రిపరేషన్‌కు పోయే ఏడాది కూడా కలుపుకుంటే మీ అమ్మాయికి ముప్పయ్యో ముప్పయ్యొకటో వస్తాయి. అయితే ఎండీ అయిన రోజు నుంచే ఆమె సంపాదించగల రేడియాలజిస్టు. మిగతా మూడేళ్లు ఇష్టం కొద్దీ చదివేవి. ఈ లెక్క ఇంట్లో అందరికీ, ముఖ్యంగా పెళ్లి తొందర పడే పెద్దవాళ్లకు, ముందే చెప్పి ఉంచండి.

అసలు అడ్డంకి మధ్యలో ఉంది. పీజీలో ముందుగా నిండిపోయే సీట్లలో రేడియాలజీ ఒకటి. కన్వీనర్ కోటాలో రావాలంటే ఎంతో మంచి ర్యాంకు కావాలి. మేనేజ్‌మెంట్ కోటా మాట కిరాణా కొట్టు మీద బతికే ఇంట్లో ఎత్తకపోవడమే మంచిది. డబ్బున్నవాళ్లు కూడా పొలాలమ్మి కట్టే ఫీజులవి. కాబట్టి ఇప్పుడే ‘మా అమ్మాయి ఐఆర్ డాక్టరు’ అని ఊళ్లో చెప్పకండి. ఇప్పుడామె తేల్చుకోవాల్సింది ఒకటే: ఎంబీబీఎస్ కావాలా, వద్దా? మిగతాది హౌస్‌సర్జన్సీ నాటికి తేల్చుకోవచ్చు. రేడియాలజీ రాకపోయినా ఎండీ జనరల్ మెడిసిన్ చేసి కార్డియాలజీకి వెళ్తే తీగ, గొట్టం, తెర మళ్లీ చేతికొస్తాయి. సర్జరీ చేసి రక్తనాళాల సర్జన్ అయినా అంతే.

ఇంకో మాట అమ్మాయికే చెప్పాలి. తాతయ్య దగ్గర నువ్వు చూసింది ఈ పనిలోని పండగ రోజు. ఎండీ మూడేళ్లలో ఎక్కువ భాగం చీకటి గదిలో, వరసలో యాభయ్యో కడుపు అల్ట్రాసౌండ్ చేస్తూ, సీటీ బొమ్మలు వందల కొద్దీ చూస్తూ గడుస్తుంది. కథలో హీరోలా కనిపించడం అప్పుడప్పుడే. చాలామంది రోగులకు ఈ డాక్టరు పేరు కూడా తెలియదు, మీ ఉత్తరంలోనూ లేదు. ఇప్పుడు జువాలజీ పుస్తకంలో రక్త ప్రసరణ బొమ్మ వస్తే నీకు పేజీ తిప్పేయాలనిపిస్తుందా, వేలు పెట్టి ఏ నాళం ఎక్కడికి పోతోందో చూడాలనిపిస్తుందా? రెండోదైతే నువ్వు ఈ పనికి పనికొస్తావని నా నమ్మకం.

చేతినిండా పని మాత్రం ఉంటుంది. లివర్‌లో గడ్డను సూదితో కాల్చడం, కామెర్ల రోగికి మూసుకుపోయిన పైత్యనాళంలో గొట్టం వేయడం, డయాలసిస్ వాళ్ల చేతిలో సూదులు గుచ్చడానికి కలిపిన నాళం (ఫిస్టులా) ఇరుకైతే బెలూన్‌తో తెరవడం, గర్భసంచి తీయకుండా అందులోని గడ్డలకు (ఫైబ్రాయిడ్లకు) రక్తం ఆపడం, కాన్పు తర్వాత ఆగని రక్తస్రావాన్ని ఆపడం, ఇలా చాలా. పక్షవాతం వచ్చినప్పుడు మెదడులోని పెద్ద నాళంలో ఇరుక్కున్న గడ్డను గొట్టంతో లాగేయడం 2015లో వరసగా వచ్చిన ఐదు అధ్యయనాల తర్వాత స్థిరపడింది. అలాగని సర్జన్ల పని అయిపోయిందనుకోకండి. యాక్సిడెంట్లో పగిలిన పేగును ఏ తీగా కుట్టలేదు. ఈ పద్ధతితో రక్తం ఆగని మనిషికి చివరికి సర్జనే దిక్కు. మీ నాన్నగారి విషయంలోనూ ఒక జాగ్రత్త: మూసిన నాళం పక్కన కొన్నాళ్లకు కొత్తవి పుట్టి మళ్లీ రక్తం పడే అవకాశం ఉంది. రమ్మన్న తేదీకి తీసుకెళ్లడం మానకండి.

నీట్‌లో సీటు రాకపోతే ఏం చేయాలన్నది మీ ఇంకో ప్రశ్న. ఒక్కసారి లాంగ్‌టర్మ్ పెట్టించండి. మార్కులు సీటుకు దగ్గర్లోకి వస్తే రెండోసారి ఆలోచించవచ్చు. దూరంగా ఉంటే వద్దు. మూడేళ్లు లాంగ్‌టర్మ్ చేసి ముఖంలో కళ పోయిన పిల్లల్ని వారానికొకరినైనా చూస్తుంటాను. ఇక సీటు రాదని తేలితే చూడాల్సింది బీఎస్సీలో మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ, లేదా క్యాథ్‌ల్యాబ్ కోర్సు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ, ఆంధ్రలో విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ ఇలాంటి కోర్సుల్ని నడుపుతున్నాయి. ఏ ఏడాది ఏ అర్హత అడిగారో ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూడండి, పక్కింటివాళ్లు చెప్పింది కాదు. నేను చెప్పిన టెక్నీషియన్ కుర్రాడు ఆ రోజు డాక్టరమ్మ నోరు తెరవకముందే ఎక్స్‌రే యంత్రం చేతిని పక్కకు వంచాడు. ఆమెకు ఏ కోణం కావాలో అతనికి తెలుసు. ఆ గదిలో అతను లేకపోతే పని నడవదు.

చేర్చే ముందు కాలేజీకి సొంత ఆసుపత్రి ఉందా, అందులో క్యాథ్‌ల్యాబ్ నడుస్తోందా అని స్వయంగా వెళ్లి చూడండి. ఎక్స్‌రే యంత్రం ఒక్కటి పెట్టుకుని ఈ కోర్సు చెప్పేవాళ్లున్నారు. ఇలాంటి చదువులకు ప్రమాణాలు పెట్టడానికి 2021లో కేంద్రం చట్టం చేసి కమిషన్ వేసింది కాబట్టి, కాలేజీకి గుర్తింపు ఉందో లేదో కాగితం అడగడానికి మొహమాటపడొద్దు. బీఎస్సీ చేశాక నేరుగా డాక్టరు కావచ్చని ఏ కన్సల్టెన్సీవాడైనా చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. డాక్టరు కావాలంటే మళ్లీ నీట్ రాసి మొదటి నుంచి రావాల్సిందే.

ఇక బంధువుల భయం. పూర్తిగా ఉత్తదని అనను. రేడియేషన్ రోగి ఒంటి మీద పడి చెదిరి డాక్టరు వైపు వస్తుంది. అందుకే సీసం ఆప్రాన్, మెడకు సీసం పట్టీ, కళ్లకు సీసపు అద్దాలు వేసుకుంటారు. రోగికి రెండింతలు దూరం జరిగితే పడే మోతాదు దాదాపు నాలుగో వంతుకు తగ్గుతుంది. ఒంటి మీద బ్యాడ్జి ఉంటుంది. మూడు నెలలకోసారి దాన్ని పంపించి ఎంత పడిందో కొలిపిస్తారు. మన దేశంలో అణుశక్తి నియంత్రణ బోర్డు పెట్టిన హద్దు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి పడే రేడియేషన్‌ను కొలిచే లెక్క), ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. ఏ ఆసుపత్రికీ వెళ్లని మనిషికి కూడా నేల నుంచి, ఆకాశం నుంచి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 పడుతూనే ఉంటుంది. గర్భం వచ్చిందని చెప్పిన తర్వాత కడుపులో బిడ్డకు పడే మోతాదు 1 మిల్లీసీవర్టు దాటకుండా పని మార్చాలన్నది నియమం. ఆ నెలల్లో అల్ట్రాసౌండ్ చూస్తూ చేసే పనులకు మారవచ్చు, వాటిలో రేడియేషన్ ఉండదు. ఈ పని చేస్తూనే పిల్లల్ని కన్న డాక్టర్లు చాలామంది ఉన్నారు. నన్నడిగితే ఎక్కువ బాధపెట్టేది నడుమునొప్పి. ఐదారు కిలోల ఆప్రాన్ భుజాన వేసుకుని గంటల తరబడి నిలబడాలి కదా. దాని గురించి మాత్రం ఏ బంధువూ చెప్పడు.

చివరగా అమ్మాయి రాసిన వాక్యం. రక్తం చూస్తే కళ్లు తిరగడం పిరికితనం కాదమ్మా. నరాల ఉలికిపాటుకు గుండె వేగం, బీపీ ఒక్కసారిగా పడిపోతాయి. అనాటమీ హాల్లో మొదటి వారం నేల మీద కూర్చున్నవాళ్లలో తర్వాత సర్జన్లయినవాళ్లూ ఉన్నారు. చూడగా చూడగా చాలామందికి తగ్గిపోతుంది. చెమట పట్టి చెవుల్లో హోరు మొదలైతే పంతం పట్టి నిలబడకు, వెంటనే కూర్చో. కూర్చునే వీలు లేకపోతే పిడికిళ్లు, తొడ కండరాలు గట్టిగా బిగించు, బీపీ నిలబడుతుంది. సెలవుల్లో దగ్గర్లోని సర్కారు ఆసుపత్రి ల్యాబ్‌లో అడిగి, రక్తం తీసే చోట ఓ గంట కూర్చుని రా. వెళ్లే రోజు మాత్రం టిఫిన్ తిని వెళ్లు.